స్కూలు అయిపోగానే ఫైనాన్స్‌లోకి: ఏ దారి ఎక్కడికి తీసుకెళ్తుంది?

స్విట్జర్లాండ్‌లో అన్నిటికంటే పెద్ద బ్యాంకు యూబీఎస్. 2011 నుంచి 2020 దాకా దాన్ని నడిపిన సెర్జియో ఎర్మోట్టినే, 2023లో పోటీ బ్యాంకు క్రెడిట్ స్వీస్‌ను కలుపుకోవాల్సి వచ్చినప్పుడు మళ్లీ పిలిచి సీఈఓ కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన బ్యాంకింగ్ జీవితం మొదలైంది పదిహేనేళ్ల వయసులో, లుగానో పట్నంలోని కోర్నేర్ బ్యాంకులో అప్రెంటిస్‌గా. డిగ్రీ లేకుండా ఫైనాన్స్‌లో పైకి రావచ్చా అని ఎవరైనా అడిగితే ఠక్కున చెప్పే కథల్లో ఇదొకటి.

కథ నిజమే, చెప్పే తీరులోనే కొంత దాచేస్తారు. 'చూశారా, చదువుతో పనేముంది' అన్నట్టు చెప్తారు. స్విస్ పద్ధతిలో అప్రెంటిస్ చదువు మానేసినవాడు కాదు. వారంలో కొన్ని రోజులు బ్యాంకులో పని, మిగతా రోజులు వృత్తి విద్యా పాఠశాలలో క్లాసులు, ఆఖర్న పరీక్ష, చేతికి దేశమంతా గుర్తించే సర్టిఫికెట్. ఆ దేశంలో స్కూలు పూర్తయిన పిల్లల్లో దాదాపు మూడింట రెండొంతుల మంది ఇలాంటి దారే పడతారు. అక్కడ అది ధైర్యసాహసాల వ్యవహారం కాదు, మామూలు విషయం. వెనకాల అంత ఏర్పాటు ఉంది కాబట్టే పదిహేనేళ్ల కుర్రాడు బ్యాంకు గుమ్మం ఎక్కగలిగాడు.

అందుకే పద్దెనిమిదేళ్లకే ఉద్యోగంలో చేరతానని ఎవరైనా అంటే, నేను డిగ్రీ సంగతి కాసేపు పక్కన పెట్టి రెండు ప్రశ్నలు అడుగుతాను. రెండు మూడేళ్లు పనిచేసి ఆ కంపెనీ నుంచి బయటికొస్తే మీ చేతిలో ఏం మిగులుతుంది? మీకు పని నేర్పడానికయ్యే ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారు? ఈ రెండిటికీ జవాబు దొరికితే సగం గందరగోళం తీరిపోయినట్టే. ఎందుకంటే 'ఫైనాన్స్ కెరీర్' అన్న ఒకే పేరు కింద అసలు సంబంధమే లేని పనులు నాలుగైదు నడుస్తున్నాయి.

మూసి ఉన్న తలుపులు ముందు

తెరిచి ఉన్నవాటి కంటే మూసి ఉన్నవి ముందు తెలుసుకుంటే టైమ్ కలిసొస్తుంది. పెద్ద ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకుల్లో కంపెనీల విలీనాలు చూసే టీములు, షేర్ల రీసెర్చ్ టీములు ప్రధానంగా యూనివర్సిటీ చదివే కుర్రాళ్ల ఇంటర్న్‌షిప్‌ల నుంచే మనుషుల్ని ఏరుకుంటాయి. లండన్‌లో కొన్ని బ్యాంకులు స్కూలు పూర్తయినవాళ్లను తీసుకుని, జీతమిస్తూనే డిగ్రీ చదివిస్తున్నాయి కానీ సీట్లు కొద్ది, పోటీ జాస్తి. అమెరికాలో సీపీఏ, అంటే మన సీఏ లాంటి లైసెన్సు కావాలంటే కాలేజీ క్రెడిట్లు తప్పనిసరి. మన దేశంలో ప్రభుత్వ రంగ బ్యాంకుల క్లర్కు, పీఓ పరీక్షలకు ఏదో ఒక డిగ్రీ ఉండి తీరాలి. షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ దగ్గర ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్‌గా నమోదు కావాలన్నా అంతే.

ఇవి కాకుండా మిగిలినవాటిలో మూడు రకాలున్నాయి. పనిచేస్తూ వృత్తి పరీక్షలు రాసి అర్హత తెచ్చుకునేవి. బ్యాంకులు, బీమా సంస్థల వెనక గదుల్లో లావాదేవీలు నడిపే ఉద్యోగాలు. లైసెన్సు తీసుకుని కమీషన్ మీద అమ్మే పనులు. ప్రకటనల్లో మూడింటికీ ఒకే రకం ఫొటో వేస్తారు, సూటు వేసుకున్న కుర్రాడు నవ్వుతూ లాప్‌టాప్ చూస్తుంటాడు. లోపలి లెక్కలు మాత్రం వేరు.

పని, పరీక్ష కలిసి నడిచే దారి

ఈ దారిలో అందరికీ తెలిసింది అకౌంటెన్సీ. చార్టర్డ్ అకౌంటెంట్ కావడానికి డిగ్రీ ముందు కావాలన్న నిబంధన కొన్ని దేశాల్లో లేదు. మన దేశాన్నే తీసుకుంటే, 1949 చట్టంతో ఏర్పడిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చార్టర్డ్ అకౌంటెంట్స్ నిర్వహించే ఫౌండేషన్ పరీక్షకు 12వ తరగతి చాలు, అదీ ఏ గ్రూపైనా సరే. నాలుగు పేపర్లు. ఒక్కోదాంట్లో కనీసం 40 శాతం, మొత్తం మీద 50 శాతం రావాలి. తర్వాత ఇంటర్మీడియెట్‌లో రెండు గ్రూపులు కలిపి ఆరు పేపర్లు. అవి రెండూ గట్టెక్కితే ఆర్టికల్‌షిప్, అంటే ఒక సీఏ దగ్గర స్టైపెండ్ తీసుకుంటూ పని నేర్చుకోవడం. ఇది ఇదివరకు మూడేళ్లు ఉండేది, 2023లో వచ్చిన కొత్త పద్ధతిలో రెండేళ్లకు తగ్గించారు. చివర ఫైనల్, మళ్లీ ఆరు పేపర్లు. అన్నీ మొదటిసారికే పాసైతే 12వ తరగతి తర్వాత దాదాపు మూడున్నరేళ్లలో అయిపోవచ్చు.

'పాసైతే' అన్న మాటలోనే ఉంది అసలు చిక్కంతా. ఫౌండేషన్‌లో ఈ మధ్య సంవత్సరాల ఉత్తీర్ణత సుమారు 15 నుంచి 30 శాతం మధ్య ఊగిసలాడుతోంది. మొదటి మెట్టు మీదే ప్రతి పదిమందిలో ఏడెనిమిది మంది ఆగిపోతున్నారన్నమాట. ఫెయిలైన వాళ్లు తెలివి లేనివాళ్లని కాదు, మళ్లీ రాసి పాసై పేరు తెచ్చుకున్న సీఏలు కావలసినంత మంది ఉన్నారు. కానీ ఇంట్లో లెక్క వేసేటప్పుడు మూడున్నరేళ్లు అని రాసుకుంటే తర్వాత టెన్షన్ తప్పదు. ఐదారేళ్లు పట్టినా తట్టుకోగలమా అని చూసుకుని దిగడం మంచిది. అలా దిగినవాళ్లలో చాలామంది పక్కనే దూరవిద్యలో బీకాం కూడా కడతారు. ఫైనల్ దగ్గర ఆగిపోయినా చేతిలో డిగ్రీ ఒకటి ఉంటుందని. నా దృష్టిలో అది పిరికితనం కాదు, ముందుచూపు.

బ్రిటన్‌లో ఇదే దారి వేరే రూపంలో ఉంది. అక్కడ 2012లో యూనివర్సిటీ ఫీజుల గరిష్ఠ పరిమితి దాదాపు మూడింతలై ఏడాదికి 9,000 పౌండ్లకు చేరింది. కాలేజీకి వెళ్లకుండా సంపాదించుకుంటూ చదువుకునే మార్గం ఉందా అని పిల్లలు వెతకడం మొదలైంది. 2017 ఏప్రిల్‌లో ఇంకో మార్పు వచ్చింది. జీతాల బిల్లు ఏడాదికి 30 లక్షల పౌండ్లు దాటే సంస్థల నుంచి ఆ దాటిన మొత్తంలో అర శాతాన్ని అప్రెంటిస్‌షిప్ లెవీగా ప్రభుత్వం వసూలు చేయసాగింది. అప్పటి నిబంధన ప్రకారం ఆ డబ్బును అప్రెంటిస్‌ల శిక్షణకే వాడాలి, గడువులోగా వాడకపోతే పోయినట్టే. ఎలాగూ కట్టే డబ్బే కదా అని పెద్ద ఆడిట్ సంస్థలు, బ్యాంకులు దాన్ని పిల్లల శిక్షణ మీద పెట్టడం మొదలెట్టాయి. స్కూలు అయిపోగానే చేరినవాళ్లు ముందు అకౌంటింగ్ టెక్నీషియన్ స్థాయి, ఆ తర్వాత చార్టర్డ్ స్థాయి పూర్తి చేస్తారు. మొత్తం నాలుగైదేళ్లు. ఫీజు కంపెనీది, జీతం కుర్రాడిది. 2026 జనవరి నుంచి ఇంగ్లండ్‌లో ఆ పై స్థాయి అప్రెంటిస్‌షిప్‌లకు ప్రభుత్వ నిధులను ప్రధానంగా 21 ఏళ్లు దాటనివాళ్లకే పరిమితం చేశారు. డిగ్రీ చేసి వచ్చేవాళ్ల కంటే స్కూలు నుంచి నేరుగా వచ్చేవాళ్లకే ఇది ఎక్కువ కలిసొస్తుంది.

జర్మనీలోనైతే బ్యాంకు ఉద్యోగి శిక్షణ అనేది ఎప్పటినుంచో రెండున్నర నుంచి మూడేళ్ల కోర్సు. బ్యాంకు శాఖలో పని, వృత్తి పాఠశాలలో చదువు.

ఈ మూడు దేశాల పద్ధతులూ పక్కపక్కన పెట్టి చూస్తే ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందో తేటతెల్లమవుతుంది. బ్రిటన్, జర్మనీల్లో యజమానీ ప్రభుత్వమూ పంచుకుంటాయి. మన దగ్గర ఇన్‌స్టిట్యూట్ ఫీజు తక్కువే, కోచింగ్ ఫీజు మాత్రం కుటుంబానిదే, పైగా స్టైపెండ్ ఆ ఖర్చుకు సరితూగదు. దీంతో చవకగా కనిపించే దారి కూడా ఇంట్లో వెనక ఊతం ఉన్నవాళ్లకే సులువవుతుంది. ఈ సంగతి కోచింగ్ ప్రకటనల్లో కనిపించదు.

అకౌంటెన్సీ ఒక్కటే అనుకోవద్దు. లెక్కల్లో మంచి పట్టు ఉన్నవాళ్లకు ఆక్చువరీ వృత్తి ఉంది. బీమా కంపెనీ ప్రీమియం ఎంత పెట్టాలి, రేపటి క్లెయిములకు ఎంత పక్కన ఉంచాలి అని తేల్చే పని అది. మన దేశంలో దాని ప్రవేశ పరీక్షను 12వ తరగతి పూర్తయినవాళ్లు రాయొచ్చు. పేపర్లు కఠినం, ఏళ్లు పడుతుంది, మనుషులు తక్కువ. 1904లో లండన్‌లో మొదలైన ఏసీసీఏ అనే అకౌంటెన్సీ అర్హత కూడా ఉంది. పదమూడు పరీక్షలు, 36 నెలల పని అనుభవం. చాలా దేశాల్లో చెల్లుతుందన్నది దాని బలం. అయితే ఒక దేశంలో ఆడిట్ రిపోర్టు మీద సంతకం పెట్టే హక్కు ఆ దేశపు చట్టం ఇస్తుంది తప్ప సర్టిఫికెట్ ఇవ్వదు. మన దేశంలో ఏసీసీఏ చేసినవాళ్లు కంపెనీల్లో ఫైనాన్స్ ఉద్యోగాలు చేయొచ్చు, చట్టబద్ధ ఆడిట్ మీద సంతకం చేయలేరు. చేరేముందే ఇది తెలిస్తే తర్వాత గొడవ ఉండదు.

మొదటి ఏడాది అసలేం చేస్తారు

ఫైనాన్స్ అనగానే స్క్రీన్ల నిండా మెరిసే గ్రాఫులు ఊహించుకునేవాళ్లు మొదటి నెలలోనే నీరుగారిపోతారు. ట్రెయినీకి ఇచ్చే మొదటి పని చాలా చోట్ల బ్యాంక్ రీకన్సిలియేషన్. కంపెనీ తన పుస్తకాల్లో రాసుకున్న బ్యాంకు నిల్వ ఒకటి, బ్యాంకు పంపిన స్టేట్‌మెంట్‌లో ఉన్నది ఇంకొకటి. రెండూ ఎందుకు కలవలేదో తేల్చాలి.

చిన్న ఉదాహరణ. పుస్తకంలో నిల్వ 4,81,250. స్టేట్‌మెంట్‌లో 4,93,900. తేడా 12,650. వెతికితే ముందు ఒక చెక్కు బయటపడుతుంది. కంపెనీ 5,000కి చెక్కు రాసిచ్చి ఖర్చు రాసేసుకుంది, తీసుకున్నవాడు ఇంకా బ్యాంకులో వేసుకోలేదు. సరే, మిగిలింది 7,650. తర్వాత చూస్తే బ్యాంకు సర్వీసు చార్జీలు 1,350 కోసేసింది, పుస్తకంలో ఎక్కలేదు. ఇది ఎదురు దిశలో పనిచేస్తుంది కాబట్టి వెతకాల్సింది ఇప్పుడు 9,000 అవుతుంది. ఇక్కడే పాత అకౌంటెంట్లు ఒక చిట్కా చెప్తారు. తేడా 9తో నిశ్శేషంగా భాగింపబడితే పక్కపక్క అంకెలు తారుమారయ్యాయేమో చూడు అని. చూస్తే నిజంగానే, కస్టమర్ కట్టిన 32,400ని ఎవరో 23,400గా ఎక్కించారు. తేడా సరిగ్గా 9,000. చిట్కా వెనక మాయ ఏమీ లేదు. రెండంకెలు స్థానాలు మారితే వచ్చే తేడా ఎప్పుడూ 9 గుణకమే అవుతుంది, స్కూలు లెక్కల్లో చదువుకున్న స్థాన విలువే ఇది.

ఇందులో కష్టమైన గణితం ఏముంది? ఏమీ లేదు. కావలసింది ఓపిక, తేడా ఎటువైపు పనిచేస్తుందో తికమకపడని బుర్ర, 'దగ్గర దగ్గరగా కలిసిందిలే' అని వదిలేయని మొండితనం. పద్దెనిమిదేళ్లకు ఇవి ఉండొచ్చు, ముప్ఫై ఏళ్లకు లేకపోనూవచ్చు. స్కూలు నుంచి వచ్చినవాళ్లను ఈ పనుల్లోకి ధైర్యంగా తీసుకోవడానికి కారణం ఇదే. ఆ తర్వాత వౌచింగ్, అంటే పుస్తకంలో ఉన్న ప్రతి ఖర్చుకూ బిల్లు ఉందా, ఆ బిల్లు ఈ కంపెనీ పేరు మీదేనా, తేదీ ఈ ఏడాదిదేనా అని చూడటం. విసుగొస్తుంది. కానీ వంద బిల్లులు చూసిన కన్ను నూటొకటో బిల్లు దొంగదైతే పట్టేస్తుంది.

అందుకే డమ్మీ ఆర్టికల్‌షిప్ అంటే నాకు ఒళ్లు మండుతుంది. కాగితం మీద ఒక ఆఫీసులో పనిచేస్తున్నట్టు చూపించి, మనిషి మాత్రం కోచింగ్ హాల్లోనో ఇంట్లోనో పుస్తకాలు ముందేసుకుని కూర్చునే వ్యవహారం అది. ఇన్‌స్టిట్యూట్ నిబంధనలకు విరుద్ధం, అయినా జరుగుతూనే ఉంటుంది. పరీక్ష పాసవ్వొచ్చు. కానీ ఇంటర్వ్యూలో 'మీరు చూసిన ఆడిట్‌లో స్టాక్ లెక్క తేలకపోతే ఏం చేశారు' అని ఒక్క ప్రశ్న వేస్తే కథ కంచికి చేరుతుంది. స్కూలు నుంచి నేరుగా వచ్చిన మనిషికి ఉన్న ఒకే ఒక ఆస్తి తొందరగా మొదలైన అనుభవం. దాన్నే ఉత్తుత్తిది చేసుకుంటే ఇంకేముంది?

వెనక గదుల ఉద్యోగాలు

బ్యాంకులకు, బ్రోకర్లకు, బీమా కంపెనీలకు బయటికి కనపడని మనుషులు బోలెడంత మంది ఉంటారు. కేవైసీ కాగితాలు సరిచూసేవాళ్లు, క్లెయిములు పరిశీలించేవాళ్లు, షేర్ల కొనుగోళ్లు అమ్మకాలు సెటిల్ అయ్యాయా అని చూసేవాళ్లు. చాలా దేశాల్లో 12వ తరగతి స్థాయితో వీటిలో చేరవచ్చు. నికరమైన జీతం, కమీషన్ బెడద లేదు.

కాకపోతే ఇక్కడ మొదటి ప్రశ్న గట్టిగా వేసుకోవాలి. రెండేళ్ల తర్వాత చేతిలో ఏం మిగులుతుంది? స్క్రీన్ మీద వచ్చినదాన్ని ఇంకో స్క్రీన్‌లోకి ఎక్కించడమే పనైతే అది ఇవాళ కాకపోతే రేపు సాఫ్ట్‌వేర్ చేసేస్తుంది, చాలా చోట్ల ఇప్పటికే చేసేస్తోంది. మిగిలేది తేడా వచ్చినప్పుడు చూసే పని. షేర్ల సెటిల్‌మెంట్ మన దేశంలో 2023 జనవరికల్లా పూర్తిగా టీ+1కి మారింది. అంటే ఇవాళ కొన్నది రేపటికల్లా ఖాతాలో పడాలి. అమెరికా 2024 మేలో ఇదే పద్ధతికి వచ్చింది. గడువు కుదించుకుపోయింది కాబట్టి ఏదైనా లావాదేవీ ఇరుక్కుంటే కారణం కనిపెట్టి గంటల్లో తేల్చాలి. అలాంటి ఎక్సెప్షన్లు చూసే టీములోకి మారగలిగితే ఆ ఉద్యోగం మిమ్మల్ని పెంచుతుంది. మారలేకపోతే మూడేళ్ల తర్వాత కూడా మొదటి రోజు చేసిన పనే చేస్తుంటారు. చేరేటప్పుడు హెచ్ఆర్ వాళ్లను నేరుగా అడగొచ్చు, ఈ టీములో రెండేళ్ల కిందట చేరినవాళ్లు ఇప్పుడు ఏ పని చేస్తున్నారని. జవాబు తడబడితే ఆ తడబాటే జవాబు.

కమీషన్ లెక్క

అమ్మకం ఉద్యోగాల్లో గేటు చాలా తక్కువ ఎత్తులో ఉంటుంది. మన దేశంలో బీమా ఏజెంటుకు పదో తరగతి, 18 ఏళ్లు, ఒక పరీక్ష. మ్యూచువల్ ఫండ్ పంపిణీదారుకు సెబీ ఏర్పాటు చేసిన నిస్మ్ సంస్థ పరీక్ష, వంద ప్రశ్నల్లో యాభై శాతం మార్కులు, మూడేళ్ల చెల్లుబాటు. అమెరికాలో 18 ఏళ్లు నిండిన ఎవరైనా ఏ కంపెనీ సిఫార్సూ లేకుండా ఎస్ఐఈ అనే షేర్ల, బాండ్ల రంగపు ప్రవేశ పరీక్ష రాయొచ్చు. 75 ప్రశ్నలు, పాసైతే నాలుగేళ్లు చెల్లుతుంది. దాని పై లైసెన్సులకు మాత్రం ఒక సంస్థ మీ వెనక నిలబడాలి.

లైసెన్సు తేలిక, సంపాదన కాదు. సెబీ 2018 అక్టోబరులో మ్యూచువల్ ఫండ్లలో ముందస్తు కమీషన్లు ఆపేసింది. ఇప్పుడు వచ్చేది ట్రెయిల్ కమీషన్, కస్టమర్ డబ్బు ఫండ్‌లో ఉన్నంత కాలం ఏటా కొంత శాతం. అది 0.8 శాతం అనుకుందాం. మీ ద్వారా జనం పెట్టిన డబ్బు మొత్తం కోటి రూపాయలైతే ఏడాదికి మీకొచ్చేది 80,000. నెలకు ఏడు వేలు కూడా లేదు. ఆ కోటి పోగేయడానికి పద్దెనిమిదేళ్ల కుర్రాడికి ఎవరు తెలుసు? బంధువులు, నాన్న స్నేహితులు, పక్కింటివాళ్లు. జాబితా మూడు నెలల్లో అయిపోతుంది. బీమాలో మొదటి ఏడాది కమీషన్ ఎక్కువ కాబట్టి ఆ జాబితా కరిగేదాకా బాగానే ఉంటుంది, ఆ తర్వాతే అసలు రంగు తెలుస్తుంది.

ఇది కస్టమర్‌కి మంచి చేసే పద్ధతేనని, పదిహేనేళ్లు నిలబడితే మంచి ఆదాయమేనని ఒప్పుకుంటాను. మనుషులతో మాట్లాడి నమ్మకం కట్టుకోవడం కూడా విద్యే. కానీ దీన్ని మొదటి ఉద్యోగంగా ఎంచుకోమని మాత్రం చెప్పలేను. ఇంకో జీతం పక్కన ఉన్నప్పుడు మొదలుపెట్టే పని ఇది. 'ఫైనాన్షియల్ కన్సల్టెంట్' అని హోదా రాసి, జీతం గళ్లో టార్గెట్ రాసిన ఆఫర్ లెటర్ వస్తే అది ఈ రకమే అని గుర్తుపట్టండి.

ఇక ట్రేడింగ్. ఉద్యోగం కాదు గానీ ఈ వయసువాళ్లు 'ఫైనాన్స్‌లోకి వెళ్తాను' అన్నప్పుడు సగంమంది మనసులో ఉండేది ఇదే. అంకెలు చాలు. 2024 సెప్టెంబరులో సెబీ విడుదల చేసిన అధ్యయనం ప్రకారం, అంతకుముందు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్, అంటే రాబోయే ధరల మీద కుదుర్చుకునే ఒప్పందాలు, ఆడిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. సగటు నష్టం మనిషికి దాదాపు రెండు లక్షలు. యూరప్ మార్కెట్ల నియంత్రణ సంస్థ 2018లో సీఎఫ్‌డీల గురించి, అంటే షేరు కొనకుండానే దాని ధర మీద పందెం కాసే ఒప్పందాల గురించి, చెప్పిందీ ఇంచుమించు ఇదే, 74 నుంచి 89 శాతం చిన్న ఖాతాలు నష్టాల్లోనే. ట్రేడింగ్ కోర్సులు అమ్మేవాళ్ల సంపాదన కోర్సుల మీద వస్తోందా ట్రేడింగ్ మీద వస్తోందా అన్నది అడగాల్సిన ప్రశ్న.

మీ ఖాతా కూడా మీ బయోడేటాయే

ఎక్కువమంది చెప్పని విషయం ఇది. మిగతా రంగాల కంటే ఫైనాన్స్‌లో చేరేవాళ్ల గత చరిత్ర తవ్వి చూస్తారు. పోలీసు కేసులు, అప్పుల చరిత్ర, కొన్ని చోట్ల చెల్లించని క్రెడిట్ కార్డు బాకీ కూడా. ఇతరుల డబ్బు దగ్గర కూర్చునే మనిషి కదా.

దీని వల్ల ఈ వయసువాళ్లకు ఒక ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. 'పేమెంట్ ప్రాసెసింగ్ ఏజెంట్ కావాలి, ఇంటి నుంచే పని, మీ ఖాతాలో పడిన డబ్బును చెప్పిన ఖాతాకి పంపాలి, ప్రతి లావాదేవీకి కొంత ఉంచుకోండి' అని మెసేజ్ వస్తుంది. చూడ్డానికి ఫైనాన్స్ ఉద్యోగంలాగే ఉంటుంది. నిజానికి మోసగాళ్లు కొట్టేసిన డబ్బును మీ ఖాతా గుండా దాటిస్తున్నారు. అలాంటివాటిని మ్యూల్ ఖాతాలు అంటారు. వాటిని పట్టడానికి రిజర్వ్ బ్యాంకు వాళ్ల ఇన్నొవేషన్ హబ్ మ్యూల్ హంటర్ అనే వ్యవస్థనే తయారు చేసింది. బ్రిటన్‌లో సీఫాస్ అనే మోసాల నివారణ సంస్థ దగ్గర మీ పేరు మీద అలాంటి గుర్తు పడితే ఆరేళ్ల దాకా ఉండొచ్చు. ఆ ఆరేళ్లూ కొత్త బ్యాంకు ఖాతా తెరవడమే కష్టం, బ్యాంకులో ఉద్యోగం సంగతి చెప్పక్కర్లేదు. 'నాకు తెలియదు, వాళ్లు చెప్తే పంపాను' అన్న మాట పద్దెనిమిది నిండాక పెద్దగా పనిచేయదు. స్నేహితుడికి ఖాతా, ఏటీఎం కార్డు వాడుకోవడానికి ఇవ్వడమూ ఇదే కోవలోకి వస్తుంది.

డిగ్రీ లేని లోటు ఎప్పుడు తెలుస్తుంది

మొదటి ఐదేళ్లలో పెద్దగా తెలియదు. పైగా డిగ్రీ చేసి వచ్చినవాడికంటే మూడేళ్ల అనుభవం ముందుంటారు. లోటు తెలిసేది మేనేజర్ స్థాయికి పోటీ పడేటప్పుడు, ఎంబీఏకి అప్లై చేసేటప్పుడు, వేరే దేశానికి వెళ్లాలనుకుని వీసా ఫారంలో చదువు గడి దగ్గర ఆగినప్పుడు. వృత్తి అర్హత ఉంటే ఇందులో కొంత భర్తీ అవుతుంది. మన యూజీసీ 2021లో సీఏ, సీఎస్ (కంపెనీ సెక్రటరీ), కాస్ట్ అకౌంటెన్సీ అర్హతలను పీజీతో సమానంగా గుర్తించింది. ఏ అర్హతా లేకుండా అనుభవం ఒక్కటే ఉన్నవాళ్లకే గోడ గట్టిగా తగులుతుంది.

ఆ గోడకూ సందులున్నాయి. ఇన్వెస్ట్‌మెంట్ రంగంలో పేరున్న సీఎఫ్ఏ పరీక్షలకు డిగ్రీ తప్పనిసరి అని చాలామంది అనుకుంటారు. డిగ్రీ లేకపోయినా కనీసం మూడేళ్ల వ్యవధిలో 4,000 గంటల ఉద్యోగ అనుభవమో, ఉన్నత విద్యో, రెండూ కలిపో చూపిస్తే మొదటి లెవెల్‌కు కూర్చోనిస్తారు. పూర్తి స్థాయి ఉద్యోగం చేసేవాళ్లకు 4,000 గంటలు రెండేళ్ల పని. అంటే పద్దెనిమిదికి చేరిన కుర్రాడు ఇరవై ఒకటికి, డిగ్రీ చదివిన తోటివాళ్లతో ఇంచుమించు ఒకే సమయంలో, అదే పరీక్ష హాల్లో కూర్చోవచ్చు. పరీక్ష మాత్రం అందరికీ ఒకటే, అనుభవం ఉంది కదా అని ప్రశ్నలు తేలికగా ఇవ్వరు.

ఆఫర్ చేతికొచ్చాక అందరూ ముందు చూసేది జీతం. దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే రెండు విషయాలు అంతకంటే ముఖ్యం. ఒకటి బాండ్. శిక్షణ మధ్యలో మానేస్తే కంపెనీ పెట్టిన ఖర్చు తిరిగి కట్టాలా, ఎంత, ఎన్నేళ్ల దాకా, ఏడాది గడిచేకొద్దీ ఆ మొత్తం తగ్గుతుందా? రెండోది పరీక్ష తప్పితే ఏమవుతుంది. కొన్ని సంస్థల్లో ఒక పేపర్ ఇన్నిసార్లు ఫెయిలైతే ట్రెయినింగ్ కాంట్రాక్ట్ రద్దవుతుంది, ఉద్యోగం కూడా దానితోనే పోతుంది. ఇంకొన్ని చోట్ల చదువు సెలవు కాగితం మీద ఉంటుంది కానీ ఆడిట్ సీజన్‌లో ఇవ్వరు. చదువు సెలవులు ఎన్ని రోజులు, అవి ఎవరి చేతిలో ఉన్నాయి, పోయినసారి పరీక్ష రాసినవాళ్లకు నిజంగా దొరికాయా అని అక్కడ పనిచేస్తున్న ట్రెయినీనే అడగండి. హెచ్ఆర్ చెప్పేది పాలసీ. ట్రెయినీ చెప్పేది జరిగేది. సంతకం పెట్టేముందు ఈ రెండూ విని ఉండాలి, అవసరమైతే ఇంట్లో పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని కాంట్రాక్ట్ మొత్తం ఒకసారి గట్టిగా చదవండి.